గంగులమ్మ చామంతి

"అవ్వా, పెనుకొండ మీద ఈ పచ్చపువ్వు దొరికింది. ఇదేం పువ్వో నీకు తెలుసా?"

యాదీ చూద్దాం, ఇట్ల తే. నా అద్దాలు ఆ గూట్లో ఉండాయి, ఇయ్యి. ఓయమ్మ, ఇదా! కొండెక్కినావా నువ్వు? మళ్ళ నీ వోణీ... వోణీలు యాడ వేస్తారులే మీరిప్పుడు, ఆ ప్యాంటు చూసుకో, అంచుకి. చూస్తివా, నల్లగా సూదుల మాదిరి ఎన్ని పట్టుకోనుండాయో! పీకి పొయ్యిలో ఎయ్యి. వాకిట్లో పడితే మొలుస్తాయి.

దీని పేరు గంగులమ్మ చామంతి. నవ్వద్దే. పెట్టింది నేనే. గంగులమ్మంటే ఎవరనుకున్నావు? మీ తాతను కన్నతల్లి, మా అత్త.

నాకు పెండ్లయి మూడేండ్లు, ఈ పేరు పెట్టిన పొద్దుకి. కాదు, రెండు. మీ నాయన ఇంకా పుట్టలే. మా అమ్మగారిల్లు కన్నడ సీమ అంచున, అగళి పక్క గదా, ఇంట్లో కన్నడమే మాట్లాడేది. ఈడికొస్తే తెలుగు. వచ్చిన కొత్తలో ఒగ దినం మా అత్త "ఏం కూరే?" అనె. నేను "సొప్పు" అంటి. మాకు సొప్పంటే ఆకుకూర. ఈళ్ళకేమో సొప్పంటే ఎద్దులకేసే జొన్న సొప్ప! ఆయమ్మ మూకుడు ఎత్తి చూడకుండానే వీధిలోకి పోయి, "మా కోడలు మాకు సొప్ప వండింది, తినేకి రాండమ్మా" అని అందర్నీ పిలిచె. ఆ మాట పట్టుకుని రెండేండ్లయినా వదల్లే. నీళ్ళకు పోతే సొప్ప, సంగటి గెలికితే సొప్ప. నా కడుపులో మండిపోతాండె.

ఆ ఏడు వానలు బాగా పడె. మీ తాతకు కాలికి ముల్లు దిగి చీము పట్టింటే, జీవాలను తోలుకుని నేనే కొండకు పోతాంటి. ఇరవై గొర్రెలు, నాలుగు మేకలు. కార్తీకంలో చూడల్ల నువ్వు, కొండంతా పసుపు చల్లినట్ల ఉంటాది. ఆ పొద్దు ఒగ సారు బండమీద బోర్ల పడుకోనుండె. పడిపోయినాడేమో అని పరిగెత్తి పోతే, ఆయప్ప భూతద్దం పెట్టుకుని పువ్వును చూస్తాండాడు! పక్కన ఒగ రేకుపెట్టె, పాత పేపర్లు. యాదో కాలేజీలో చెట్లూ చేమలూ చెప్పే సారంట. రైలు దిగి నడిచి వచ్చినాడంట.

"ఈ పచ్చపూలన్నీ ఒకటే మాదిరి ఉండాయి తల్లీ. నీకేమన్నా తేడా తెలుసా?" అని నన్నడిగె.

నన్ను! నాకేం తెలుసని ఎవరడిగినారు అప్పటిదాకా? నాకు ఏనుగెక్కినట్లాయె. రాండి సార్ అని తిప్పి తిప్పి చూపిస్తి. ఇదో, ఈ తేమకాడ ఉండేది పచ్చ గుంటగలగర, ఆకు నలిపితే చెయ్యి నల్లగవుతాది, తలకు రాస్తారు అంటి. ఇంకొకటి, కాడ తుంచితే పాలొస్తాయి, పొద్దున విచ్చుకుని మధ్యాన్నానికి ముడుచుకుంటాది, గొర్రెలు దానికి ప్రాణమిడుస్తాయి అంటి. ఆయప్ప అన్నీ రాసుకుంటాండాడు. పువ్వును అద్దంలో చూపించి, "ఇది ఒక పువ్వు గాదమ్మా, గంపలో పెట్టినట్ల నూరు పూలు. ఇవన్నీ చామంతి వంశమే" అనె. మా ఇల్లు మాదిరే గదా సార్, వంశం ఒకటే, గుణాలే వేరే అనుకుంటి మనసులో.

అప్పుడు ఇదో, నువ్వు తెచ్చినావే, ఇది చూపించి "దీన్నేమంటారు?" అనె. దీనికి పేరు లేదు. నాకు తెలీదు, అంతే. తెలీదంటే నామర్దా గదా? ఇంత సేపు పండితురాలి మాదిరి చెప్పినాక! వంగి చూస్తే నా చీర కుచ్చిళ్ళ నిండా దీని ముండ్లే. హిందూపురం సంతలో ఆరు రూపాయలకు కొనింటి ఆ చీర, కొత్తది. పీకేకొద్దీ పట్టుకుంటాండాయి. ఆ కోపంలో నోరు జారె.

"గంగులమ్మ చామంతి సార్."

అత్త పేరు నోటితో పలకడమంటే ఆ దినాల్లో ఎంత తప్పో నీకేం తెలుసు! చెంపలేసుకోవాల. నేను పలికేస్తి. పైగా ఆ సారు భక్తిగా, "గంగులమ్మంటే మీ ఊరి దేవతా?" అనె.

"అవును సార్."

"శాంతదేవతా, ఉగ్రదేవతా?"

"శానా ఉగ్రం సార్. పట్టుకుంటే వదలదు."

అదీ రాసుకునె! పెట్టె తగిలించుకుని పోయె. నేను దినమంతా నవ్వుకుంటా గొర్రెలు కాస్తి.

రెండు నెల్లయినాక ఒగ మధ్యాన్నం నేను రాగులు విసురుతాండా. మా అత్త వాకిట్లో చింతపండు గింజలు తీస్తా కూర్చోనుండాది. చూస్తే, ఆ సారే వస్తాండాడు! ఆ కొండ పూల గింజలు కావాలని మళ్ళ వచ్చినాడంట. నా చేతిలో తిరగలి నిలబడిపోయె. తలుపు సందులో నుంచి చేతులు జోడిస్తా ఉండా, సారూ నోరు తెరవద్దని. ఆయప్ప నన్ను చూసి తానూ దండం పెట్టి, మా అత్త తట్టు తిరిగి, "అమ్మా, ఈ ఊర్లో గంగులమ్మ గుడి యాడుంది? కొండెక్కే ముందు టెంకాయ కొట్టి పోతా" అనె.

మా అత్త నిదానంగా తలెత్తి, "గుడి లేదు నాయనా. ఆ పేరుతో ఈ ఊర్లో నేనొక్కదాన్నే ఉండా" అనె.

"అట్లయితే ఆ ఉగ్రదేవత..."

"ఎవరు చెప్పినారు?"

పాపం, అబద్ధం తెలీని మనిషి. పుస్తకం తెరిచి చదివి వినిపించె. పట్టుకుంటే వదలదు అనేదాంకా. అప్పుడు ఆయప్పకే అర్థమై, మొగం ఎర్రగ చేసుకుని పుస్తకం మూసె. మా అత్త లేచి చెంబుతో మజ్జిగిచ్చె. చెంబు వాపసు తీసుకుని "పోయిరా నాయనా" అనె.

నేను చచ్చినా అనుకుంటి. తిడితే బాగుండు గదా? తిట్టలే. మూడు దినాలయినా సొప్ప మాట గూడా లేదు! అమ్మగారింటికి పంపిస్తుందని లోపల్లోపల మూట కట్టుకుంటి. మీ తాతకు చెప్తే, "నన్ను మధ్యలో లాగద్దు, నా కాలు నొప్పి" అని అటు తిరిగి పడుకునె.

నాలుగో దినం పొద్దున్నే మా అత్త కట్టె పట్టుకుని నిలబడి, "పద కొండకు. నా పువ్వు యాదో చూపించు" అనె.

గొర్రెలను తోలుకుని నేను ముందర, ఆయమ్మ ఎనకాల. చూపిస్తి. పూలన్నీ అయిపోయి ముండ్లు మాత్రమే ఉండె, అదీ నా ఖర్మ. మా అత్త ఒకటి పీకి కండ్ల దగ్గర పెట్టుకుని శానా సేపు చూసె. "కూర్చో" అనె. కూర్చుంటి. నా చీర కొంగు పట్టుకుని ఒక్కొక్క ముల్లూ పీకబట్టె.

పీకుతా పీకుతా అంటుంది: "నేను కొత్తకోడలుగా వచ్చినప్పుడు మా అత్త పేరు ఒగ కుంటిగొర్రెకు పెట్టినా. ఈ కొండమీద ఎవరూ లేనప్పుడు దాన్ని ఆ పేరుతో పిలిచి తిట్టేదాన్ని. నువ్వు నయమే. పువ్వుకు పెట్టినావు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలే. ముందు ఆయమ్మే నవ్వె. పండ్లు లేని నోరు, అంత నవ్వు ఆయమ్మ దగ్గర ఉండాదని నేనెప్పుడూ అనుకోలే. గొర్రెలు బెదిరి గుట్టకిందికి పరిగెత్తె.

ఆ తరువాత ఏమనుకున్నావు, మారిపోయిందనుకుంటివా? యాడ! దిగేటప్పుడే "అట్ల గాదు నడిచేది" అని మొదలుపెట్టె. కానీ ఊర్లో ప్రతి ఒక్కరికీ చెప్పుకునె, "నా పేరు కాలేజీ పుస్తకంలో ఉండాది" అని. ఎవరి గొర్రెలన్నా ఆ చెట్టు తొక్కితే కట్టె పట్టుకుని పోతాండె.

ఇంగేముంది... ఆ, ఒకటి. మీ అమ్మ ఈ ఇంటికొచ్చి ఇరవై రెండేండ్లాయె. నా పేరు దేనికి పెట్టిందో ఎప్పుడన్నా అడిగినావా?

వద్దు, అడగొద్దులే. నువ్వు చల్లగా ఉండు తల్లీ. బాగా చదువుకో. లోపలికి పో, సంగటి చల్లారిపోతాండాది...