గంగాలమ్మ ఎనిమిది వెయ్యాలి

(మధురవాడ అవతల, డ్రైవింగ్ టెస్టులు పెట్టే మైదానం. పొద్దున్న. స్కూటీతో వరుసలో నిలబడ్డ అత్తా కోడలూ.)

"అది దొంగతనం కాదే జోతీ, సదువు. నువ్వే సెప్పినావు."

"అత్తయ్యా, మెల్లిగా. లైన్లో అందరూ వింటున్నారు."

"ఇననీ. స్పార్టావోల్లు పిల్లలకి కడుపునిండా పెట్టరు, దొంగిలించుకు తినమంటారు, దొరికిపోతే కొడతారు. సెప్పినావా నేదా?"

"చెప్పాను."

"బండి నేర్పిన ఆ మొదటి వారమంతా నాకు టిఫిను మానీసినావా నేదా?"

"మానేశాను. అది వాళ్ళ పద్ధతి. ఆకలేస్తే పట్టుదల పెరుగుతుందని..."

"అందుకే ఇడ్లీలు కొట్టీసినాను. దొరికినానా? దొరకనేదు. నూటికి నూరు మార్కులు పడాల నాకు."

"దొరకలేదా? చట్నీ గిన్నె మీ దిండు కింద దొరికింది."

"గిన్నె దొరికినాది. నాను దొరకనేదు."

"సరే, మీరే గెలిచారు. ఇంక ఇడ్లీలు వదిలేసి, బండితో వెయ్యాల్సిన ఎనిమిది అంకె గురించి ఆలోచించండి. మన ముందు నలుగురే ఉన్నారు. ఇది మూడోసారి టెస్టు. ఈసారి కూడా కాలు కింద పెట్టేశారంటే ఏమవుతుందో తెలుసు కదా?"

"తెలుసు."

"ఏమవుతుంది?"

"ఇదుగో, మల్లీ ఏథెన్సులోకి ఎలిపోనావు. తెలిసిందే అడుగుతావు. ఆరోజు కొమ్మాది రోడ్డు మీద గేదొకటి ఎదురొచ్చీత్తంటే, ఎనకాల కూకోని 'అత్తయ్యా, ఆగడం అంటే ఏమిటి?' అన్నావు."

"ఏథెన్సులో గురువు జవాబు చెప్పడు. ప్రశ్నలు అడిగి అడిగి శిష్యుడి చేతే చెప్పిస్తాడు."

"గేదె సెప్పినాది జవాబు."

"నవ్వకండి! ఏమవుతుందో నేను చెప్తాను వినండి. మధ్యాహ్నం మీ అబ్బాయి బి షిఫ్టు డ్యూటీకి వెళ్తూ ఇక్కడ ఆగుతాడు. మీరు ఫెయిలైతే ఈ బండి తీసుకెళ్ళి వాళ్ళ బావకి ఇచ్చేస్తాడు. వీరేంద్ర గారు అప్పుడే హెల్మెట్టు కూడా కొనేసుకున్నారు."

"ఆడి బుర్రకి పట్టే హెల్మెట్టు ఏ కొట్లో దొరికినాదే?"

"అత్తయ్యా!"

"మావోడు అర్జునరావు అలాగే అంటాడమ్మా. ఆడి మొకం, ఆడిచ్చీవోడు కాదు."

"ఈసారి ఇచ్చేస్తాడు. నిన్న రాత్రి అన్నం ముందు ఒట్టేశాడు. ఇంక నా సంగతి. ప్రపంచంలో ఎవరెవరు ఎలా చదువు చెప్పారో ఆ పద్ధతులన్నీ ఒకే మనిషి మీద వాడి, ఒక పని నేర్పించి చూపిస్తానని నా పీహెచ్‌డీ గైడు కామరాజు గారికి మాటిచ్చాను. ఆయనకి మొదట్నుంచీ నమ్మకం లేదు. 'జ్యోతిర్మయీ, మీ అత్తగారికి లైసెన్సొస్తే సంతకం పెడతాను. రాకపోతే నీ థీసిసులో ఆ అధ్యాయం పట్టుకెళ్ళి రుషికొండ బీచిలో పల్లీలు కట్టుకో' అన్నారు. ఇన్నేళ్ళ చదువూ మీ కుడికాలి మీద ఉంది."

"నాను పెట్టీది ఎడంకాలే."

"ఏ కాలూ పెట్టొద్దు!"

"సర్లే, పెట్టను. గానీ ఆ ఫిన్లాండు సంగతి నిన్న మద్దిలో ఒగ్గీసినావు. కుక్కరు కూసినాదని లేచిపోనావు. ఏడేళ్ళు వొచ్చీదాకా పిల్లల్ని ఆడుకోనిత్తారా? నిజమేనా?"

"ఇప్పుడా అత్తయ్యా?"

"బేగి సెప్పీ. ఇంకా నలుగురున్నారన్నావు కదా."

"నిజమే. ఏడేళ్ళ దాకా అక్షరాలకి తొందర లేదు. ఆటలు, పాటలు, మంచులో దొర్లడం. ఆ తరవాతే అసలు బడి."

"మరి మాకూ అంతే! మా ఊరు పద్మనాభంలో నానూ ఏడేళ్ళ దాకా ఆడినాను. ఆ తరవాత ఫిన్లాండోల్లు బడికి పంపినారు, నన్ను మా అయ్య గేదెల కాడికి పంపినాడు. అంతే తేడా. ఏటే, అలా సూత్తావు? ముందుకి జరుగు. ముగ్గురే ఉన్నారు."

"ఏం లేదు. మిర్రర్లు సర్దుకున్నారా?"

"సర్దినాను. ఆ మిరపకాయల పొగ ఏ దేశమోల్లది?"

"మెక్సికో. ఇప్పుడు కాదు, పూర్వం. మాట వినని పిల్లల్ని ఎండుమిరపకాయల పొగ దగ్గర పట్టుకునేవాళ్ళు."

"దానికి శిచ్చ అని పేరెట్టినారా? మన వాచ్‌మెన్ పెల్లం పైడితల్లి మనవడికి వారం వారం దిష్టి తీసి అదే పొగెడతాది. ఆ గుంటడు తుమ్మి నవ్వుతాడు."

"పైడితల్లి పేరెత్తకండి. నాకు ఒళ్ళు మండుతుంది."

"ఏం సేసినాదే అది?"

"పాసైపోయింది! అరుగు బడి పద్ధతి అని నేనే చెప్పాను మీకు. ముందు నేర్చుకున్న పిల్లలు వెనకొచ్చిన పిల్లలకి నేర్పడం. మన మద్రాసులో చూసి తెల్లవాళ్ళు ఇంగ్లండు దాకా పట్టుకెళ్ళిన పద్ధతి. అందుకని మీరు నేర్చుకున్నది పైడితల్లికి నేర్పమన్నాను. ఏమైంది? శిష్యురాలు మొదటిసారే లైసెన్సు తెచ్చేసుకుని బండి మీద రైతు బజారుకి వెళ్తోంది. గురువు గారు మాత్రం రెండుసార్లూ ఆఖరి మలుపులోనే కాలు పెట్టారు. రెండుసార్లూ అదే మలుపు!"

"దాని కాల్లు పొట్టివే. పెడదామన్నా కింద ఆనవు."

"దాని మొగుడు ఇంకో రకం."

"ఎల్లారావా? ఆడ్ని ఏటనకు. ఆడికి నలందా పని అప్పజెప్పింది నువ్వే. నలందాలో గుమ్మం కాడ ఓ పండితుడుంటాడు, అడిగినదానికి జవాబు సెప్తేనే లోపలికి ఒగ్గుతాడు అన్నావు. ఆడ్ని గేటు కాడ కూకోబెట్టి రోడ్డు గుర్తులన్నీ నేర్పినావు. ఆడు నన్నొగ్గీసి గ్యాసు బండోడ్ని పట్టుకున్నాడు."

"తెలుసు."

"నో పార్కింగు బొమ్మ ఎలాగుంటాదో సెప్పు, అప్పుడే సిలిండరు పైకెల్తాది అన్నాడు. ఆ బండోడు ఎనక్కి ఎలిపోనాడు. మూడంతస్తులోల్లూ ఆ రోజు ఉప్మా కూడా ఒండుకోనేదు."

"ఆ రోజు తిట్లన్నీ నేనే తిన్నాను. సరే, ఇద్దరే ఉన్నారు. హెల్మెట్టు పెట్టుకోండి."

"పెడతాను. నలందా కంటే చీనావోల్లు నయం. గదిలో పెట్టి తాళమేత్తారు, పరీచ్చ అయిందాకా తియ్యరు. గానీ తిండీ పరుపూ తెచ్చుకోనిత్తారు. నువ్వు నన్ను ఆ రోడ్డు గుర్తుల బొమ్మల పుస్తకంతో స్టోరు రూములో పెట్టి తాళమేసి, సీతమ్మధార ఎలిపోనావు."

"మర్చిపోయానత్తయ్యా. దానికి ఎన్నిసార్లు సారీ చెప్పాలి?"

"సారీ ఎందుకే? ఆవకాయ జాడీ ఆ గదిలోనే ఉన్నాది. నాకేటి లోటు?"

"మీకు అన్నీ బాగున్నట్టే ఉన్నాయి. అన్ని పద్ధతులూ నచ్చేశాయి. ఒక్క ఎనిమిదే రాదు."

"అన్నిటికంటే ఆ ఇటలీవోల్ల బొలోనా నచ్చినాది."

"నచ్చదూ మరి."

"ఎంత మంచి ఊరే అది! సదువుకునే గుంటలే పంతుల్ని పెట్టుకుంటారు. పంతులు ఆలీసంగా వొత్తే జరిమానా. అర్తమవనట్టు సెప్తే జరిమానా. నువ్వా వారం రోజూ ఆలీసంగానే వొచ్చినావు."

"నేనూ రోజూ మీకు చేపల పులుసు వండాను జరిమానా కింద. మీ అబ్బాయి ఆ పద్ధతి ఇంకో నెల ఉంచమన్నాడు."

"వంజరాలు బాగున్నాయి. పులుపు ఎక్కువైనాది."

"అత్తయ్యా, ఒక్కరే ఉన్నారు! ఇంకేం మాట్లాడకండి. ఊపిరి తీసుకోండి. అయ్యో, ఆధార్ జిరాక్సు ఇంకోటి ఉండాలంటున్నాడు ఆ గుమాస్తా. గేటు బయట తీయించుకొచ్చేస్తాను. మీరు బండి దగ్గరే ఉండండి. కదలకండి."

"కదలను."

"ఎవరైనా ముందుకెళ్తామంటే వెళ్ళనివ్వండి."

"ఎల్లనిత్తాను. నువ్వు బేగి రానక్కర్నేదు."

(కాసేపటి తరవాత.)

"వచ్చేశాను! ఒకటే జనం అక్కడ. పిలిచారా?"

"పిలవనేదు."

"బండి ఇంత వేడిగా ఉందేమిటి?"

"ఎండ."

"ఎండ సైలెన్సరుకే తగిలిందా? మరి చేతిలో టీ గ్లాసేమిటి?"

"అది... ఎవులో ఇచ్చినారు. ఇటు సూడు జోతీ, ఒకేల నాను ఫెయిలైపోనాను అనుకో. బండి వీరేంద్రకిచ్చీనీ. నువ్వు నాకు ఈత నేర్పీ."

"ఈతా?"

"సముద్రం దగ్గరే కదా. ఈతక్కూడా ఏవో దేశాలుంటాయి కదా, రోజుకొకటి సెప్పుకుందాం."

"పద్మనాభంలో మీ పొలానికి ఈదుకుంటూ వెళ్తారా? ఎవర్నీ బతిమాలకుండా నా పొలం కాడికి నేనే ఎల్తాను, అందుకే బండి నేర్చుకుంటాను అన్నది మీరే కదా!"

"తరవాత... కొర్రాయి గంగాలమ్మ! ఎవరమ్మా?"

"నానే బాబూ."

"ఓ, మీరా. రండి రండి. మూడోసారి కదా?"

"మూడే, బ్రేకినస్పెక్టరు బాబూ."

"ఆ గీతల మధ్యలోంచి ఎనిమిది వెయ్యాలి. గీత దాటకూడదు, కాలు కింద ఆనకూడదు. కొత్తగా చెప్పక్కర్లేదనుకుంటా మీకు. కానివ్వండి."

"అత్తయ్యా, ఏథెన్సు వద్దు, బొలోనా వద్దు, అన్నీ మర్చిపోండి! చూపు ముందుకి! అదీ... మొదటి మలుపు... భలే... మధ్యకొచ్చేశారు... నిదానంగా, అలాగే... రెండో మలుపు... అబ్బ, ఎంత బాగా తిప్పుతున్నారో... ఇంకొక్కటే అత్తయ్యా, ఒక్కటే... కాలు! అత్తయ్యా, కాలు!"

"పెట్టీసినాను."

"అయ్యయ్యో!"

"పోన్లే జోతీ. ఏడవకు. స్పార్టావోల్లు ఏడవరని నువ్వే..."

"స్పార్టా మాటెత్తకండి! అయిపోయింది. నా థీసిసూ పోయింది, బండీ పోయింది. నాకసలు చదువు చెప్పడమే రాదు."

"ఆగండమ్మా, ఏడవకండి. మీరు ఈవిడకి ఏమవుతారు?"

"కోడల్ని సార్. నేనే నేర్పాను. ప్రపంచమంతా వాడాను సార్ ఈవిడ మీద. చైనా, గ్రీసు, ఇటలీ, అన్నీ. ఎక్కడో తప్పు చేశాను."

"ఇటలీ సంగతి నాకు తెలీదు గానీ, మీరేం తప్పు చెయ్యలేదు. ఇందాక మీరు జిరాక్సుకి వెళ్ళినప్పుడు ఈవిడ ఆ టీ కొట్టుకీ వేపచెట్టుకీ మధ్య ఎనిమిదులు వేసింది."

"ఎవరు?"

"ఈవిడే. ఒంటి చేత్తో. రెండో చేతిలో టీ. చుక్క ఒలకలేదు. నిజానికి దానికి ఫైను రాయాలి నేను. పక్కనున్న కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారని ఊరుకున్నాను."

"ఏమిటత్తయ్యా ఇది?"

"బాబు ఇంకెవుల్నో సూసుంటాడు."

"ఇదే ఎర్ర బండి, ఇదే ముక్కుపుడక. పోయినసారీ అంతే. గేటు బయట దాకా గాలిలా వచ్చింది, లోపలికొచ్చి ఆఖర్లో కాలు పెట్టింది. జారితే పెట్టే కాలు కాదమ్మా అది. దించి పెట్టింది. చెప్పు సర్దుకుని మరీ పెట్టింది."

"అత్తయ్యా, ఇటు చూడండి. నేల కాదు, నన్ను చూడండి. మీకు బండి వచ్చా, రాదా?"

"వొచ్చు."

"ఎప్పట్నుంచి?"

"స్పార్టా అయిపోయీసరికే వొచ్చీసినాది."

"స్పార్టా మొదటి వారం కదా!"

"ఆకలికి బేగి వొచ్చీసినాది."

"అంటే ఆ చైనా, నలందా, ఆ చేపల పులుసులు... వచ్చిన బండే మళ్ళీ మళ్ళీ నేర్చుకున్నారా? ఎండలో మీ వెనకాల పరిగెత్తి పరిగెత్తి నా మోకాళ్ళు అరిగిపోయాయి! పైడితల్లికి అంత బాగా ఎలా నేర్పారో ఇప్పుడర్థమైంది. నన్నెందుకు ఇలా చేశారు? నా మీద కోపమా?"

"కోపమేటే, పిచ్చి గుంటా."

"మరి?"

"అమ్మా, మీ ఇంటి గొడవ ఇంటికెళ్ళి పడండి. వెనకాల లైను ఆగిపోయింది. గంగాలమ్మ గారూ, కోడలు పిల్ల ఏడుస్తోందని ఇంకొక్క ఛాన్సు ఇస్తున్నాను. వేసేస్తారా ఎనిమిది?"

"ఎయ్యను బాబూ."

"ఎందుకెయ్యరు? వేసేయండి అత్తయ్యా, ఒక్క నిమిషం పని. కామరాజు గారు సంతకం పెట్టేస్తారు, నా పుస్తకం పూర్తైపోతుంది, మీ అబ్బాయి బండి ముట్టుకోడు. మీకు పాసవ్వడం ఇష్టం లేదా?"

"ఇష్టమే."

"మరి ఏమిటి?"

"నీ పుస్తకం అయిపోతే మిగిలిన దేశాలు నాకెవులు సెప్తారే? ఇన్నాళ్ళకి బడిలో సేరినాను జోతీ, అప్పుడే మానిపించీత్తావేటే?"