ఎనిమిదో అడ్రసు

లిఫ్టులు బాగుచేసే చిన్న ఆఫీసు అది. మొగుడు పనిముట్ల సంచీతో లిఫ్టుల వెంట తిరుగుతాడు, పెళ్లాం ఆఫీసు చూసుకుంటుంది. ఈ పూట ఆవిడ ఎదురుగా, ఆఫీసుకి కొత్త మెయిల్ అమర్చిపెట్టడానికి వచ్చిన మనిషి కూర్చున్నాడు. అరగంటలో తేలిపోయే పనే అనుకున్నాడు పాపం.

“ఏడుగురన్నారు కదండీ?”

“అవును, ఏడుగురు.”

“ఇక్కడ కుర్చీలు రెండే ఉన్నాయి.”

“మిగతావాళ్లు బయటికెళ్లారు.”

“అందరూనా?”

“పనిమీద. లిఫ్టులాఫీసు కదా, అందరూ ఇక్కడే కూర్చుంటే ఎలా గడుస్తుంది? ఏ మెయిల్ పెట్టుకుంటే మంచిదో ముందది చెప్పు తమ్ముడూ.”

“మూడు దారులున్నాయండీ. ఇప్పుడు వాడుతున్న ఫ్రీ మెయిల్‌తోనే సరిపెట్టుకోవచ్చు.”

“అది మాత్రం వద్దు. మా ఆయన కుర్రతనంలో పెట్టుకున్న అడ్రసది. పదిమందిలో దాని పేరు చెప్పలేక చస్తున్నాను.”

“ఏవిటండీ ఆ పేరు?”

“చెప్పలేకపోతున్నాననేగా నా బాధ!”

“సరే, సరే. రెండోది, ఇక్కడే ఒక పెద్ద కంప్యూటర్ పెట్టి మెయిలంతా మనమే నడుపుకోవడం. చెడిపోతే మనమే బాగుచేసుకోవాలి.”

“చెడిపోయిన లిఫ్టులు చాలవా మాకు? మూడోది చెప్పు.”

“మీ కంపెనీ పేరుమీద అడ్రసులు. దర్జాగా ఉంటుంది. నెలనెలా అద్దె కట్టాలి, మనిషికింత అని.”

“మనిషికింతా?”

“అవునండీ. ఏడుగురంటే ఏడు మెయిల్ పెట్టెలు, ఏడు అద్దెలు.”

“ఏడు అద్దెలా! అంటే... మనిషంటే ఎలాంటి మనిషి?”

“ఎలాంటి మనిషేంటండీ?”

“అంటే, పూర్తి మనిషేనా అని.”

“మేడం, నాతో నిజం చెప్పెయ్యండి. నా పని తేలికవుతుంది. డాక్టరులాంటివాణ్ణి, ఎవరికీ చెప్పను.”

“ఆ తలుపు వెయ్యి.”

“వేశానండీ.”

“మేనేజర్ నేనే.”

“ఆహా.”

“అకౌంట్సూ నేనే.”

“అది మామూలేనండీ.”

“కంప్లయింట్స్, ఎంక్వైరీ, స్పేర్ పార్ట్స్, ఎమర్జెన్సీ...”

“అవీ మీరే. ఆరయ్యాయి. ఏడోది?”

“మేనేజర్‌గారి అసిస్టెంట్.”

“మళ్లీ మేనేజర్‌కో అసిస్టెంటా!”

“మరి మెయిళ్లన్నీ ఆయనే రాసుకుంటాడా? అంత పెద్దమనిషి!”

“అంటే... మేనేజర్ మగాయనాండీ?”

“మగాయనే. కోపిష్ఠి. ఎవరికీ థాంక్స్ చెప్పడు. నవ్వకు తమ్ముడూ! మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పేవాళ్లం. ఫోన్ చేసినవాళ్లు ‘మీరిద్దరేనా?’ అని ఠక్కున పెట్టేసేవారు. మా ఆయన చెయ్యి పడితే ఆ లిఫ్టు మళ్లీ మొరాయించదు. కానీ ఇద్దరే అంటే నమ్మేదెవరు? అందుకని ఒక్కొక్కర్నీ చేర్చుకుంటూ వచ్చాను.”

“అందరూ బాగానే పనిచేస్తున్నారా?”

“కంప్లయింట్స్ ఆయన బంగారం. అవతలివాళ్లు ఎంత తిట్టనీ, ‘క్షమించండి’ అంటాడే తప్ప పల్లెత్తు మాట అనడు. ఒకావిడైతే ఆయనకి పెళ్లయిందా అని కూడా అడిగింది.”

“మీరేమన్నారు?”

“ఏమంటాను? ఆ పూటే పెళ్లి చేసేశాను.”

“ఇంతమందిని ఒక్కచేత్తో... ఒకరి మాట ఒకరి పేరుమీద వెళ్లిపోదాండీ?”

“ఒక్కసారి జరిగింది. మేనేజర్ పేరుతో ‘క్షమించండి’ అని వెళ్లిపోయింది. అవతలివాళ్లు హడలిపోయి, మేనేజర్‌గారికి ఒంట్లో బాగోలేదా అని ఫోన్ చేశారు.”

“అమ్మో! ఏం చెప్పారు?”

“జ్వరమని చెప్పాను. అబద్ధమేం కాదు. ఆ పూట నాకు ఒళ్లు కాలిపోతోంది, అందుకే పేర్లు కలిసిపోయాయి.”

“మరి కాస్త విశ్రాంతి తీసుకున్నారా?”

“మేనేజర్‌కి రెండ్రోజులు సెలవిచ్చాను.”

“మీకో?”

“నాకెలా కుదురుతుంది? ఆయన పనీ నామీదే పడిందిగా.”

“జ్వరం మీకు, సెలవు ఆయనకా!”

“ఏంటలా చూస్తావు? అద్దె సంగతి చెప్పు.”

“మీకు ఏడు పెట్టెలక్కర్లేదండీ. పెట్టె ఒకటే, దానికి పేర్లు ఏడు. ఎవరికి రాసినా మీ దగ్గరికే వస్తుంది. జవాబు మాత్రం ఎవరి పేరుతో కావాలంటే వాళ్ల పేరుతో పోతుంది. అద్దె ఒక్కరికే.”

“ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! గుండె జారిపోయింది నాకు.”

“ముందు మీరు అందరూ బయటికెళ్లారన్నారు కదండీ.”

“సరేలే. పెట్టెయ్, పెట్టెయ్. మెయిల్ రాగానే నా ఫోన్ మోగాలి. వంట చేస్తున్నా మోగాలి, పడుకున్నా మోగాలి.”

“రాత్రిళ్లు కూడానా?”

“ఎమర్జెన్సీ ఆయన నిద్రపోతే లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ల గతేంటి?”

“ఇరుక్కున్నవాళ్లు ఫోన్ చేస్తారు గానీ మెయిల్ రాయరు కదండీ?”

“వాదించకు. మోగాలంటే మోగాలి.”

“సరేనండీ. ఇదిగో, మోగుతుంది. ఏడు పేర్లూ ఎక్కించేశాను. ఎనిమిదోది మాత్రం కాస్త...”

“ఎనిమిదోదేంటి?”

“ఏం లేదండీ. ఏడే. ఏడే.”

“ఎనిమిది అన్నావు.”

“నోరు జారిందండీ.”

“ఏం జారింది? ఊరుకోడానికి నేను కంప్లయింట్స్ ఆయన్ని కాదు. మేనేజర్‌ని పిలవమంటావా?”

“వద్దండీ, వద్దు! పొద్దున మీవారు ఫోన్ చేశారు. తనకో అడ్రసు కావాలన్నారు. వేరే పెట్టె. అద్దె కూడా విడిగా తనే కట్టుకుంటానన్నారు. మీకు మాత్రం చెప్పొద్దన్నారు.”

“నాకు చెప్పొద్దన్నారా! ఏం పేరుతో?”

“కార్మిక సంఘం.”

“ఏ సంఘం?”

“ఈ ఆఫీసు కార్మికుల సంఘమండీ.”

“ఈ ఆఫీసులో కార్మికుడు ఆయనొక్కడే!”

“అధ్యక్షుడూ ఆయనేనట.”

“ఓహో! అదా సంగతి! పెళ్లాంగా చెబితే చెవిన పెట్టరని ఆయనకి మేనేజర్ పేరుతో రాస్తుంటాను. ఇంత ఆలస్యమేంటి, ఆ లిఫ్టు చూశారా, ఈ లిఫ్టు చూశారా అని. పోయిన నెల సెలవు విషయం మాట్లాడాలని ఈయన రాస్తే మేనేజర్ కుదరదన్నాడు. ఆ కక్ష ఇది!”

“మేనేజర్ మీరే కదండీ?”

“అయితే మాత్రం? ఆఫీసులో మేనేజర్‌గారి మాట నేనెలా కాదంటాను? ఎవరది తలుపు కొట్టేది?”

“నేనేనోయ్. పట్టపగలు తలుపేసుకున్నారేంటి?”

“రండి, రండి! అధ్యక్షులవారు వేంచేశారు!”

“ఏం తమ్ముడూ, చెప్పేశావా?”

“మేనేజర్‌ని పిలుస్తానన్నారు సార్.”

“అయితే నీ తప్పులేదు. ఆయనంటే నాకూ హడలే.”

“వేళాకోళం చాలు. ఎవరిమీద ఈ సంఘం? నామీదేనా?”

“నీమీదెందుకు పెడతానే? మేనేజర్ మీద. ఇంట్లో అడిగితే ‘ఆఫీసుకొచ్చి అడగండి’ అంటావు. ఆఫీసులో అడిగితే ఆయన కుదరదంటాడు. ఇంకెక్కడికి పోను?”

“అన్నం దగ్గర కూర్చున్నప్పుడు చెప్పొచ్చుగా?”

“చెప్పాను. నిన్ననే చెప్పాను. ఫోన్‌లోంచి తలెత్తకుండా ‘మీ ఫిర్యాదు అందిందండీ, క్షమించండి’ అన్నావు.”

“నేనా? మీతోనా?”

“అడుగు, ఆ కంప్లయింట్స్ ఆయన్నే అడుగు.”

“మేడం, నేను మళ్లీ వస్తానండీ...”

“కూర్చో తమ్ముడూ. సంఘానికి సాక్షి కావాలి.”

“సాక్షులెందుకండీ? మీకు సెలవు కావాలి, అంతేగా? ఆదివారం తీసుకోండి. మేనేజర్‌తో నేను మాట్లాడతాను.”

“నాక్కాదు.”

“మరెవరికి?”

“మేనేజర్‌కి, అసిస్టెంటుకి, అకౌంట్స్‌కి, కంప్లయింట్స్ ఆయనకి... మొత్తం ఏడుగురికీ. ఒకే రోజు.”

“బాగానే ఉంది! అందరూ ఒక్కసారే సెలవు పెట్టేస్తే ఇంక ఉండేదెవరండీ?”

“మా ఆవిడ ఉంటుంది. ఆవిడతో మాట్లాడి చాన్నాళ్లయింది.”