తాను లేకపోయినా ఆగని పని

పంతొమ్మిది వందల తొంభై ఒకటవ సంవత్సరం ఆగస్టు ఐదవ తేదీన మా వైద్య పరికరాల కర్మాగారంలో కొనుగోలు విభాగపు గుమాస్తాగా చేరిన మేడమ్ గారు, ఈ నెలాఖరున అదే విభాగానికి అధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. వారు తెప్పించిన సరుకుతోనే ఇన్నేళ్లూ ఉత్పత్తి విభాగంలో యంత్రాలు నడిపిన సహోద్యోగిగా, వారి గురించి నాలుగు మాటలు రాసే అవకాశం దక్కడం నా భాగ్యం.

ఆ రోజుల్లో కొనుగోలు అంటే నలుగురిని ధర అడిగి, తక్కువ చెప్పినవారి దగ్గర కొనడమే. మేడమ్ గారు మాత్రం సరఫరాదారుల షెడ్లకు స్వయంగా వెళ్లి, వారికి ముడిసరుకు ఎక్కడి నుంచి వస్తుందో, అది రాని పక్షంలో వారేం చేస్తారో అడిగి తెలుసుకునేవారు. సమావేశాల్లోనూ అంతే. “ఒకవేళ ఓడ ఆలస్యమైతే? ఒకవేళ వాళ్ల యంత్రం పాడైతే?” అని వారు మొదలుపెట్టగానే అందరూ తలలు పట్టుకునేవాళ్లం. ‘ఒకవేళ మేడమ్’ అని చాటుగా మేం పెట్టుకున్న పేరు చివరికి వారి చెవిన పడనే పడింది. “పేరు బాగానే ఉందండీ. ఇంకోటి కూడా ఆలోచించి పెట్టండి, ఒకవేళ ఇది పాతబడితే!” అని నవ్వేశారు.

వారు ఉపాధికారిగా పదోన్నతి పొందిన తరువాత, నవజాత శిశువుల శ్వాస గొట్టాల్లోనూ, పెద్దవాళ్ల గొట్టాల్లోనూ అమర్చే చిన్న రబ్బరు వాల్వుల విషయం చర్చకు వచ్చింది. అవన్నీ ఒకే ఒక విదేశీ కర్మాగారం నుంచి వచ్చేవి. ఊరి చివర ఒక అన్నాచెల్లెళ్లు నడుపుతున్న వర్క్‌షాపు చేత కూడా వాటిని చేయిద్దామని మేడమ్ గారు ప్రతిపాదించారు.

“చవగ్గా దొరుకుతుంటే ఖరీదైనది ఎందుకమ్మా?” అన్నారు అప్పటి డైరెక్టరుగారు.

“మొత్తం కొనమనడం లేదు సార్. వాళ్ల అచ్చులు తుప్పు పట్టకుండా ఉండేంత కొందాం.”

డైరెక్టరుగారు అయిష్టంగానే తల ఊపారు. కొన్నేళ్ల తరువాత ఆ విదేశీ కర్మాగారం అగ్నిప్రమాదానికి గురై, సరఫరా ఒక్కసారిగా నిలిచిపోయింది. అన్నాచెల్లెళ్లు పగలూ రాత్రీ శ్రమించినా మా అవసరంలో కొంత భాగమే తీర్చగలిగారు. ఉన్న వాల్వులను లాభం ఎక్కువ వచ్చే పెద్దవాళ్ల గొట్టాలకే వాడాలని అమ్మకాల విభాగం పట్టుబట్టింది.

“పెద్దవాళ్లవి బయట ఇంకో నలుగురు చేస్తున్నారు. పసిపిల్లలవి చేసేది మనం ఒక్కళ్లమే. ఆసుపత్రులు ఎవర్ని అడుగుతాయి?” అని మేడమ్ గారు అడిగి, ఉన్న వాల్వులను పసిపిల్లల గొట్టాలకే కేటాయింపజేశారు. పసిపిల్లల గొట్టాల తయారీ ఒక్క రోజైనా ఆగలేదు. పెద్దవాళ్లవి తయారుచేసే యంత్రాలు మాత్రం వారాల తరబడి మూగబోయాయి. ఆ వార్త చెప్పే పనిని కూడా ఇంకొకరి మీదకు నెట్టకుండా, వారే మా ఉత్పత్తి విభాగంలోకి వచ్చి నిలబడ్డారు.

“మీ యంత్రాలు ఆపమన్నది నేనే. కోపం ఉంటే నన్ను తిట్టండి.”

“కూర్చోబెట్టి జీతం ఇస్తుంటే కోపం ఎందుకమ్మా!” అన్నాడు మా పెద్ద మేస్త్రి. అంతసేపూ బిగుసుకుపోయిన మేడమ్ గారి ముఖం అప్పుడు కాస్త తేలికపడింది.

ఇంత ముందుచూపు గల వారికి సైతం ఒక విషయం తట్టలేదు. మూడేళ్ల క్రితం వారు శస్త్రచికిత్స కోసం ఆసుపత్రిలో చేరగానే కొనుగోలు విభాగం అయోమయంలో పడింది. ఏ సరఫరాదారుకు ఏ మాట చెబితే కదులుతాడో, ఎవరి హామీని ఎంతవరకు నమ్మవచ్చో వారికి తప్ప ఎవరికీ తెలియదు. మంచం మీద ఉన్న మనిషికే ఫోన్లు చేయవలసి వచ్చింది. అది చూసి, డ్రాయింగు మాస్టారైన వారి భర్త, “అన్నిటికీ బదులు చూసి పెట్టావు, నీకు బదులు ఎవర్నీ చూసుకోలేదేం?” అని హాస్యమాడారట.

“మాస్టారు నవ్వుతూనే అన్నారు కానీ, నాకు గుచ్చుకుందండీ,” అన్నారు మేడమ్ గారు తిరిగి వచ్చాక. “మన కంపెనీకి ఉన్న పెద్ద ప్రమాదం నేనే.”

ఆనాటి నుంచి ప్రతి బేరానికీ తమ సహాయ అధికారిణిని ముందు కూర్చోబెట్టి, తాము పక్కన మౌనంగా ఉండటం అలవాటు చేసుకున్నారు. మౌనం వారికి చేతకాని విద్య. మాట పెదవి దాకా వచ్చినప్పుడల్లా మంచినీళ్ల నెపంతో లేచి వెళ్లిపోయేవారు. కూలర్ దగ్గర గ్లాసు నింపుకుని, తాగకుండా లోపలి మాటలు వింటూ నిలబడిన వారిని నేను ఎన్నోసార్లు చూశాను.

ఈ మధ్య వారు ఉద్దేశపూర్వకంగా సెలవు పెట్టి, ఫోను ఆపేసుకుని కుమార్తె ఇంటికి వెళ్లారు. సరిగ్గా అప్పుడే, మాకు ప్యాకింగు కవర్లు పంపే సంస్థ చెప్పాపెట్టకుండా మూతపడింది. సహాయ అధికారిణి కంగారుపడకుండా, అప్పటికే పరిచయం పెంచుకున్న మరో ఇద్దరికి ఆర్డరు పంచి ఇచ్చి పని నడిపించింది.

తిరిగి వచ్చి జరిగినదంతా విన్న మేడమ్ గారు, “ఇంట్లో వాళ్ల ద్వారానైనా నాకు కబురు చేద్దామనుకోలేదా?” అని అడిగారు.

“అవసరం రాలేదు మేడమ్.”

“మంచిదమ్మా,” అని ఆమె భుజం తట్టారు. సాయంత్రం గేటు దాకా నాతో నడుస్తూ, “ఒక్కసారైనా అడుగుతారనుకున్నానండీ,” అంటూ కళ్లద్దాలు తుడుచుకున్నారు. వాటిని మళ్లీ పెట్టుకుని, “కాస్త కష్టంగానే ఉంది. కానీ ఎన్నాళ్లకో ఇవాళ హాయిగా నిద్రపోతాను,” అన్నారు.

అటువంటి నిద్రనే వారికి ప్రతిరోజూ ప్రసాదించమని భగవంతుణ్ణి వేడుకుంటున్నాను. మాస్టారితో, కుమార్తెతో, కాబోయే మనవలతో, తరగని ఆరోగ్యంతో వారు నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి. మా విభాగాలన్నిటి పక్షాన వారికి నా నమస్సులు.