ఇంజిన్ లేని పడవకు ఫిట్‌నెస్

ప్రేమ్‌సాగర్ నోరు తెరిచాడంటే అశోక్‌నగర్ టీ బండి దగ్గర పొగలు కక్కే టీ చల్లారి మీగడ కట్టాల్సిందే. గ్రూప్స్‌కి చదువుకుందామని ఆయన ఈ గల్లీకి వచ్చినప్పుడు పక్క మంచాల మీద పడుకున్నవాళ్ళు ఇవాళ ఎమ్మార్వోలు, ఎంపీడీవోలు. ఆయన మాత్రం అదే హాస్టల్లో, అదే మంచం మీద, రాబోయే నోటిఫికేషన్ కోసం చూస్తూ, పోయిన నోటిఫికేషన్లో తనకు జరిగిన అన్యాయాన్ని చెప్పుకుంటూ ఉండిపోయాడు. పోనీ ఆయనకు తెలియని ఆఫీసరు ఎవరైనా ఉన్నారా అంటే, ఆయన మాట ప్రకారం అలాంటివాడు రాష్ట్రంలో ఇంకా పుట్టలేదు.

అలాంటి మనిషిని నమ్ముకుని ఆ మధ్యాహ్నం, ఆ గల్లీలోనే హాస్టల్లో ఉండి చదువుకునే రేణుక తండ్రి ఉప్పలయ్య బెంచీ చివర ఒదిగి కూర్చున్నాడు. పక్కనే రేణుక, కూర్చోలేక నిలబడి ఉంది. నాలుగింటికి నారాయణగూడ అవతల ఆఫీసులో వాళ్ళ పడవ సంగతి తేలాలి. తేలకపోతే పడవను వేలం వేస్తారు.

సంగతేమిటంటే, వాళ్ళ ఊరికీ ఊరి పొలాలకీ మధ్య ప్రాజెక్టు కాలువ తవ్వారు. వంతెన కడతామన్నారు, కట్టలేదు. అప్పట్నుంచి ఉప్పలయ్య పడవే వంతెన. నాట్లకు పోయే ఆడవాళ్ళు, అవతలి బడికి పోయే పిల్లలు, పాల క్యాన్లు, అన్నీ అందులోనే. తెడ్డు వేసి నడిపే కర్ర పడవ అది. అదే కాలువలో కాంట్రాక్టర్ జోగారావు విహారం బోటు డీజే పాటలు పెట్టుకుని తిరుగుతుంది. కొత్త రూల్స్ వచ్చాక రెండింటికీ ఒకటే లైసెన్సు, ఒకటే ఫీజు అన్నారు. కూలివాళ్ళను దాటించే పడవకూ, బిర్యానీ తింటూ తిరిగే బోటుకూ ఒకటే ఫీజేమిటని రేణుక గొంతు చించుకున్నా ఉప్పలయ్య మాత్రం తల వంచుకుని కట్టేశాడు. లైఫ్ జాకెట్లు కొనమంటే కొన్నాడు. ఆఖరికి ఇంజిన్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెమ్మన్నారు.

ఇంజిన్ లేదు సారూ అన్నాడు ఉప్పలయ్య. లేకపోతే ఫిట్‌నెస్ ఎట్లా ఇస్తాం, ఫిట్‌నెస్ లేకపోతే లైసెన్స్ ఎట్లా ఇస్తాం అన్నారు వాళ్ళు. అని పడవకు గొలుసు వేసి తాళం పెట్టారు. పిల్లలు బడి మానేశారు. జోగారావు బోటులో వెతికినా ఒక్క జాకెట్ దొరకదు, దానికి మాత్రం గొలుసూ లేదు, తాళమూ లేదు.

ఇంత జరిగినా రేణుక ఇవాళ నోరు తెరవకూడదు. కాలేజీ డిబేట్లలో అవతలివాళ్ళ చేత మైకు కింద పెట్టించిన పిల్ల. కానీ తండ్రి చేతులు పట్టుకున్నాడు: "నువ్వు మాట్లాడితే కొట్లాట లెక్క ఉంటది బిడ్డా. సార్లకు కోపమొస్తది." అప్పుడే ఎక్కడినుంచో ప్రేమ్‌సాగర్ దిగాడు. "నేనొస్త కాక. నేను మాట్లాడుత. రేణుక సప్పుడు చేయకుండ కూసుంటే సాలు." ఆ మాట అన్నప్పటినుంచీ ఉప్పలయ్యకు ఆయన దేవుడు.

"రంధి పెట్టుకోకు కాక," అన్నాడు ప్రేమ్‌సాగర్ గ్లాసు అందుకుంటూ. "ఈ పడవల ఆఫీసర్లు నాకు కొత్త కాదు. ఒకసారి మా మేనమామ ఊరికి పోయిన. ఆడ గూడ గిట్లనే కాలువ. మామ పడవల కూసున్న. ఇన్‌స్పెక్టర్ మోటార్ బోట్ల వచ్చి లైసెన్స్ ఏదన్నడు. నేను పెద్దగ ఏమనలే. సార్, ముందుగాల మీ బోటుది సూపియ్యున్రి అన్న. గంతే. మొకం ఇంత చిన్నగైంది."

ఉప్పలయ్య కళ్ళు మెరిశాయి. మంచి ప్రశ్నే అనుకుంది రేణుక కూడా. అక్కడితో ఆపి లేచుంటే ఎంత బాగుండేది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందన్నా?" అన్నాడు కరుణాకర్. ప్రేమ్‌సాగర్ అంటే చెవి కోసుకునే జూనియర్ అతను.

"ఉరికిండు. మోటార్ ఆన్ చేసి ఒకటే ఉరుకుడు. నేను ఊకుంటనా? మామ చేతులకెల్లి తెడ్డు గుంజుకున్న. ఎడమ దిక్కు ఒక్కటేసిన, కుడి దిక్కు ఒక్కటేసిన. తెడ్డు ఎంత జోరుగ తిరుగుతుందంటే కాలువల నీళ్ళు మసులుతున్నయ్. నా ఎనక చేపలు ఉడికి పైకి తేలుతున్నయ్. ఒడ్డు పొంటి ఆడోళ్ళు గంపలు పట్టుకొని ఉరుకుతున్నరు."

"ఉప్పు కారం గూడ నువ్వే ఏసినవా అన్నా?" అంది నవనీత. రేణుక రూమ్మేట్. ఆమెకు ప్రేమ్‌సాగర్ అంటే కడుపులో మంట, అందుకే ఒక్క కథ కూడా వదలదు.

"సీరియస్ ముచ్చట నడుస్తుంటే మధ్యల రాకు నవనీతా. యాడిదాంక చెప్పిన? ఆఁ. పోయి ఆయన బోటుకు అడ్డం పెట్టిన. చలాన్ రాసిన."

"నీకు చలాన్ బుక్కు యాడిది?"

"ఆయన జేబులదే. బుక్కు ఆయనది, పెన్ను ఆయనది, సంతకం గూడ ఆయనతోనే పెట్టించిన. జాకెట్ ఏసుకోలేదని ఒకటి, రాంగ్ రూట్ అని ఒకటి. కట్టుకుంట ఏడ్సిండు పాపం. నా దిల్ కరిగింది, ఒకటి మాఫీ చేసిన."

ఉప్పలయ్య మెల్లగా అడిగాడు. "అయితే సారూ, మా గొలుసు..."

"గొలుసా? నేను దగ్గినంటే ఊడిపోతది కాక. ఇనున్రి ముందు. ఆయన పైకి ఫోన్ కొట్టిండు. పైనోడు ఆ పైనోడికి కొట్టిండు. వీనితోని మాట్లాడి గెలుసుడు కాదని తూము గేట్లు దించిన్రు. నీళ్ళు బంద్. పడవ పోయి బురదల కూసుంది. ఎవడన్న అయితే ఏడుస్తడు. నేను ఒడ్డెక్కి ఒక్క కేక పెట్టిన. సుట్టుపక్కల ఊర్లన్నీ బిందెలు, బకెట్లు, పెండ్లిళ్ళకు వండే డేగిశాలు పట్టుకొని దిగిన్రు. సూస్తుండంగనే కాలువ నిండింది. పొంగింది గూడ."

"అన్నా, మూడు దాటింది. పోదామా?" అంది రేణుక. ఎంత మెల్లగా అన్నా ఆ మాట పళ్ళ సందుల్లోంచే వచ్చింది.

"పోదాం తల్లీ. నేను పోకముందు ఆ ఆఫీసరు సీట్ల కూసోడు. అప్పుడేమైందో తెలుసా? సెక్రటరీ హెలికాప్టర్ల వచ్చిండు. జాగ లేక నీళ్ళ మీదనే దించిండు. నేను పోయి తలుపు కొట్టిన. సార్, నీళ్ళ మీద ఆగిందేదైనా పడవనే అని మీ రూల్సే చెప్తున్నయ్, మరి దీని లైసెన్స్ యాడ? ఇది సొంతందా, కిరాయిదా? అన్న. ఆయన నన్ను పైకెల్లి కిందికి సూసిండు. ప్రేమ్‌సాగర్, నీకు ఒక్కటే ప్రశ్న, రాజ్యాంగంల జలమార్గాలు ఏ జాబితాల ఉన్నయ్? కరెక్ట్ చెప్తే రాష్ట్రంల పడవలకు ఫీజే లేదు అన్నడు. నేను ఆలోచన గూడ చేయలే. కేంద్ర జాబితా అన్న."

కరుణాకర్ గ్లాసు కింద పెట్టాడు. ముఖంలో నిజమైన బాధ. "అన్నా, ఉమ్మడి జాబితా కాదా అది? ఎంట్రీ ముప్ఫై రెండు."

"జాతీయ జలమార్గం అయితే కేంద్రమే గద," అన్నాడు బైకు మీద కూర్చున్న ఒకతను.

"రేవు పడవలు రాష్ట్రం. ఎంట్రీ పదమూడు," అన్నాడు ఇంకొకతను, సిగరెట్ అక్కడే పారేసి.

అంతే, హెలికాప్టర్ నీళ్ళ మీద ఆగిపోయింది. బండి చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎదుటి స్టడీ హాల్ మెట్లమీద నుంచి ఇద్దరు దిగొచ్చారు. చేపలు ఉడికినప్పుడు ఒక్కడు లేవలేదు, డేగిశాలతో కాలువ నింపినప్పుడు ఒక్కడు అడగలేదు, జాబితా తప్పు చెప్పేసరికి మాత్రం అందరికీ న్యాయం గుర్తొచ్చింది. కరుణాకర్ కళ్ళు మూసుకుని అప్పజెప్పాడు: "అంతర్గత జలమార్గాల మీద, యంత్రంతో నడిచే నౌకలకు సంబంధించి, రవాణా, నౌకాయానం."

"ఏమన్నవు?" అంది రేణుక.

"ఎంట్రీ ముప్ఫై రెండు అక్కా."

"నంబర్ కాదు. యంత్రంతో నడిచే అన్నవు గద. మా పడవకు యంత్రం లేదు. అయినా ఇంజిన్ ఫిట్‌నెస్ లేదని తాళమేసిన్రు. ఎవరైనా చెప్పున్రి, అది ఏ రూల్ కింద ఏసిన్రు?"

అందరూ ఆమె వైపు చూశారు. తర్వాత ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు.

"అక్కా, అట్ల ప్రశ్న రాదు," అన్నాడు కరుణాకర్ జాలిగా. "సిలబస్‌ల లేదు."

రేణుకకు తల ఎక్కడ కొట్టుకోవాలో తెలియలేదు. పక్కన మా బాపు కూర్చున్నాడు, ఆయన పడవకు గొలుసు వేసి ఉంది, దాని జవాబు మీ నోట్లోనే ఉంది, మీరు మాత్రం ఆప్షన్ బీనా సీనా అని కొట్టుకుంటున్నారు. రేపు ఇందులో ఎవడో ఒకడు పాసై, ఆ ఆఫీసు కుర్చీలోనే కూర్చుని, ఇంకో ఉప్పలయ్యను ఇంజిన్ తెమ్మంటాడు.

ప్రేమ్‌సాగర్ మాత్రం చెక్కు చెదరలేదు. "లిస్టు ఏదైతేంది, సెక్రటరీ ఒప్పుకున్నడు. ఏం కావాలె కోరుకో అన్నడు. నాకేమొద్దు సార్, ఇంటికి పోతా అన్న. బస్సులు లేవు. కాలువకు ఒక్క మాట చెప్పిన, జర ఎనకకు తిరుగు అని. తిరిగింది. ఎదురెక్కుకుంట, గుట్టలెక్కుకుంట, హుస్సేన్ సాగర్ల పడి, ఈ అశోక్‌నగర్ నాలా పొంటనే వచ్చిన. చిక్కడపల్లి లైబ్రరీ గేటుకు పడవ కట్టేసి, లోపలికి పోయి ఎప్పటిలెక్క చదువుకున్న."

"పార్కింగ్ పైసలు తీసుకోలేదా?" అంది నవనీత.

"అడిగిండు. నన్ను గుర్తుపట్టి, సలాం కొట్టి ఊకున్నడు. ఇయ్యాల్టికి గూడ పడవల ఆఫీసుల నా పేరు చెప్తే పెద్ద సారు కుర్చీలకెల్లి లేచి నిలబడ్తడు."

"సరే. చెప్దాం," అని రేణుక ఫోన్ తీసింది. నంబర్ నొక్కి, స్పీకర్ పెట్టి, టీ గ్లాసుల మధ్య పెట్టింది. ప్రేమ్‌సాగర్ చెయ్యి ఫోన్ వైపు సగం దాకా వచ్చి ఆగింది.

"హలో, ఎవరు?" విసుగ్గా ఉంది అవతలి గొంతు.

"సార్, నాలుగింటి హియరింగ్, ఉప్పలయ్య పడవ. మా తరఫున ప్రేమ్‌సాగర్ అన్న వచ్చి మాట్లాడ్తడు. చెప్పి పెట్టమన్నడు."

"ఏ ప్రేమ్‌సాగర్?"

"అశోక్‌నగర్ ప్రేమ్‌సాగర్ సార్. ఆయన పేరింటే పెద్ద సారు లేచి నిలబడ్తరట."

"అమ్మా, మా సారు పొద్దటిసంది కూసొనే ఉన్నరు. పడవ మనిషి గానీ, ఇంట్ల మనిషి గానీ మాట్లాడాలె. బయటోళ్ళను లోపలికి రానియ్యం. లేట్ చేయకున్రి, ఆ జోగారావు మనుషులు అప్పుడే వచ్చి టీ తాగుతున్నరు."

ఫోన్ పెట్టేశాడు. టీ బండి దగ్గర నవనీత ఒక్కతే నవ్వింది, అది కూడా చున్నీ అడ్డం పెట్టుకుని. కరుణాకర్ నేల చూపులు చూశాడు.

"సూసిన్రా?" అన్నాడు ప్రేమ్‌సాగర్, గొంతు ఒక్క పిసరు కూడా తగ్గకుండా. "నా పేరు ఇనంగనే రూలు మార్చిండు."

రేణుక రోడ్డు మీదికి నడిచి, పోతున్న ఆటోను ఆపి, తండ్రిని ఎక్కించింది.

ఆటో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఉప్పలయ్య ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

"బిడ్డా, ఆ పిలగాడు చెప్పినదాంట్ల ఏదన్న నిజముందా?"

"టీ తాగిండు బాపు. అదొక్కటి నిజం."

నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే గాలికి ఆయన తువ్వాల ఎగిరింది. పట్టుకుని, మడిచి, భుజం మీద సర్దుకున్నాడు. "ఆయన మాట్లాడుతుంటే నాకు భయం కాలే. నువ్వు మాట్లాడితేనే భయమైతది," అన్నాడు. "నువ్వు ఉన్నది ఉన్నట్టు అంటవు."

"అనొద్దా మరి?"

కింద రోడ్డంతా బస్సులు, హారన్లు. ఉప్పలయ్య అటు చూస్తూనే అన్నాడు.

"సారు ముంగట గొంతు తగ్గియ్యకు."