చుక్కలు పెట్టిన చోట

హలో… ఆ, ఆ, నేనేనండీ. ఆసుపత్రి దుప్పట్ల మీద కవిత రాసినావిడనే… నమస్కారం ఎడిటర్ గారూ, నమస్కారం!

లేదు లేదు, ఇవాళ డ్యూటీ లేదు, సెలవు. మా అక్క గదికొచ్చాను… సొంత అక్క కాదులెండి. లాండ్రీలో దుప్పటికి ఆ చివర తను, ఈ చివర నేను, పదకొండేళ్లు మడతలు పెట్టాం. ఇంక సొంతం కాక ఏమవుతుంది?… ఆ, కవితలో ఉన్నావిడే. ఇదిగో, నా ఎదురుగానే మంచం మీద కూర్చుంది. మీ పుస్తకంలో వేస్తున్నారని చెప్పడానికే పొద్దున్నే పరిగెత్తుకొచ్చా. అరకేజీ మిఠాయి కూడా తెచ్చా…

చెప్పండి…

అయిదో పాదమా?… పాదమంటే లైనే కదండీ… అందులో ఏ మాట?…

ఓ. ఆ మాట.

తీసేయడమంటే?… ఆహా… ఆహా… కవిత్వంలో బూతు ఉండకూడదు… ఉన్నదున్నట్టు అనకుండా సూచించాలి… నిజమేనండీ, మీరు పెద్దవారు, నలభై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నారు. కానీ ఎలా సూచించమంటారు? పొద్దున ఏడింటికి హాజరు పిలిచేటప్పుడు మా సూపర్‌వైజరు అక్కని పేరు పెట్టి పిలిచేవాడు కాదు. ఆ మాటతోనే పిలిచేవాడు. దానికి ఈవిడ "వచ్చానండీ" అనాలి. అనకపోతే ఆ రోజు గైర్హాజరే. వాడేమీ సూచించలేదే!

అయ్యో, మీ మీద కోపమేంటండీ? నా గొంతే అంత. మిషన్ల మోతలో అరిచీ అరిచీ ఇలా అయిపోయింది.

సరే, ఒక పని చేయండి. కింద నేను వాడిని తిట్టిన తిట్లున్నాయి చూశారా, నాలుగు లైన్లు… ఆ, అవే, వాడి ఏడు తరాల్నీ కడిగేసినవి… నవ్వకండి, చాలా కష్టపడి రాశాను… అవి తీసేయండి. నిక్షేపంగా తీసేయండి. అవి నా కడుపుమంట, కవిత్వం కాదని నాకూ తెలుసు. పైనున్న ఆ ఒక్క మాట మాత్రం ఉంచండి. అది నాది కాదు, వాడిది. నేను కల్పించింది కాదు.

…

నోరు మంచిదైతే ఊరు మంచిది… మాకూ తెలుసండీ ఆ సామెత. పదకొండేళ్లు మా నోరు మంచిగానే పెట్టుకున్నాం. ఊరేం మంచిదవలేదు.

బళ్లకి వెళ్తుందా పుస్తకం?… ఆడపిల్లలు చదువుతారా?… చదవనివ్వండి! రేపు వాళ్లనెవడైనా అంటే, అన్న మాటే కాగితం మీద రాసి ఇవ్వొచ్చని తెలుస్తుంది. మాకు అదే తెలియలేదు…

ఏంటంటే… కవితలో పెట్టలేదులెండి ఇది. అక్క కంప్లైంటు ఇచ్చింది. ఆఫీసులో గుమస్తా రాసిపెట్టాడు, "అసభ్య పదజాలం వాడారు" అని. ఉన్నది ఒక్క మాట, దానికి పదజాలమంట! ఎంక్వైరీ పెట్టారు. బల్లకి అటువైపు అయిదుగురు మగవాళ్లు. "ఏమన్నాడో చెప్పమ్మా" అన్నారు. ఈవిడకి నోరు పెగల్లేదు… ఆ, సాక్షి ఉంది. నేనే సాక్షిని.

…

నేనూ చెప్పలేదండీ.

…

ఇంత నోరున్నదాన్ని. ఆ అయిదుగురూ నా మొహంలోకే చూస్తున్నారు. ఒకాయన టీ తాగుతున్నాడు. నేల చూస్తూ నిలబడ్డాను. మాట చెప్పలేదు కాబట్టి అసలు మాటే లేదన్నారు. తప్పుడు ఫిర్యాదని అక్కని ఉద్యోగంలోంచి తీసేశారు. వాడు ఇప్పటికీ హాజరు పిలుస్తూనే ఉన్నాడు, నేను "వచ్చానండీ" అంటూనే ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను, నిజంగా చెప్తున్నా. నోటితో అనలేనిది కాగితం మీదైనా పెడదామని రాశాను. నాకు కవిత్వం వచ్చని కాదు.

…

ఆ మాట చోట చుక్కలా?… అంటే పామూ చావదు, కర్రా విరగదు… కాదండీ, వెటకారం కాదు. ఆసుపత్రి దుప్పట్ల మీద ఏమేం ఉంటాయో మీకు తెలుసు కదా? వాటికి చుక్కలు పెట్టి ఉతకం మేము. చేత్తోనే తీస్తాం.

ఏంటి?… అచ్చయిపోయిందా?… ఎప్పుడు?… మొన్ననా!… మరి ఇంతసేపూ నన్ను అడుగుతున్నారేంటండీ?…

ఓహో. అడగడం కాదు. చెప్పడం.

అయితే నా కవిత తీసేయండి. మొత్తం తీసేయండి… పుస్తకాలు కుట్టడం కూడా అయిపోయిందా… ఆ. వెయ్యి కాపీలూనా…

…ఏం లేదక్కా. ఏదో అచ్చు పని సంగతి. నువ్వు మిఠాయి తిను.

ఆ, ఉన్నానండీ… పుస్తకం ఆవిష్కరణ సభకా? వస్తాను, కవిత చదవమన్నారుగా… ఓ… లెక్చరర్ గారు చదువుతారా. ఆవిడ గొంతు బాగుంటుంది, అవును, మొన్న రేడియోలో విన్నాను… మరి నేనో?… స్టేజీ మీద కుర్చీ వేస్తారా. మాట్లాడక్కర్లేదు. కూర్చుంటే చాలు…

…అక్కా, అలా చూడకు. తెలిసిందిగా. తీసేశారు. అవును, మన మాట తీసేశారు… ఎందుకో నాకేం తెలుసు? అసహ్యంగా ఉందంట!

ఎడిటర్ గారూ, పెట్టేయకండి. ఒక్కటి అడుగుతాను. నా చేతిరాతలో మీరు చదివారు కదా దాన్ని?… పైకి చదివారా ఎప్పుడైనా?… కమిటీలో చదివారా?… ఎవరూ చదవలేదా. వేలు పెట్టి చూపించుకున్నారా…

నేనూ అంతేనండీ. రాశాను గానీ ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా పైకి అనలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అనలేదు. అన్నాననుకోండి, వాడు నా నోట్లోంచి మాట్లాడినట్టు ఉంటుందని భయం.

ఇప్పుడు అంటాను… వద్దంటే ఎలాగండీ? అచ్చు వేయలేరు, కనీసం వినండి… ఇంట్లో మనవరాలుందా? ఫోను తీసుకుని వీధిలోకి నడవండి. ఒక్క మాటే, రెండు క్షణాలు పట్టదు. పదకొండేళ్లు విన్నది ఈవిడ. మీరు ఒక్కసారి వినండి, చాలు… అక్కా, చెవులు మూసుకోకు. ఆ రోజు చెప్పలేదుగా, ఇప్పుడు చెప్తాను, ఉండు… ఎడిటర్ గారూ, వింటున్నారా?… వాడు ఏమని పిలిచేవాడంటే—

హలో?

హలో… హలో…

లేదక్కా. అననే లేదు. నోరు తెరిచానంతే.