కోలాఘాట్ దగ్గర ఆగిన కారు

విశ్వకర్మ పూజకు ముందురోజు మధ్యాహ్నం. ఖరగ్‌పూర్, ఇందా బజారు వెనక టోనీ గేరేజి. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన దేముడు, అతని భార్య అప్పలనర్సమ్మ టోటో అనే బ్యాటరీ రిక్షా దిగి లోపలికొచ్చారు. గురువారం ఆమెను కలకత్తా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. దేముడి బుర్రలో ఉన్నది అదొక్కటే.

"స్టార్టవుతాదా, అవదా? అదొక్కటి సెప్పు టోనీ."

"కూకో బాబాయ్. పిన్నీ, నువ్వు మళ్ళీ ఎందుకొచ్చినావు?"

"మళ్ళీ ఏటి?"

"అదే బాబాయ్... మొన్నంటే మొన్న ఆస్పత్రికెల్లొచ్చింది, మళ్ళీ ఇంతలోనే ఈ ఎండలో ఎందుకని. పిన్నీ, ఆ కుర్సీలో కూకో. ఫేను ఇటు తిప్పుతానుండు. టీ సెప్పనా?"

"టీ కోసం రానేదు నాను. మనూరి సౌరంగీ కాడ పాతకార్ల దుకాణంలో మాట్లాడీసినాను. మన బండి తీసుకుని, దాని బదులు కొత్తలాంటిది ఇస్తానన్నాడు. సాయంత్రానికల్లా తాళాలు సేతిలో పెడతానన్నాడు. ఒకటే షరతు. బండి నడుసుకుంటా రావాల. తాడు కట్టి లాక్కొస్తే ముట్టుకోడంట."

"తాడు కట్టడం ఎందుకులే బాబాయ్..."

"మరందుకే అడుగుతున్నాను. స్టార్టవుతాదా?"

"అదే సూస్తన్నాను."

"ఏటి సూస్తన్నావు? టార్పాలిను కప్పీసి సూస్తన్నావా?"

"దుమ్ము బాబాయ్. రోడ్డు తవ్వుతున్నారు కదా, అందుకని..."

"నీ గేరేజీకి దుమ్ము కొత్తేట్రా? తియ్యి."

"మావా, పిల్లడి మీద పడతావేటి? నాను సెప్తాను ఇను. బండి మార్చొద్దు."

"మళ్ళీ మొదలెట్టినావా నర్సమ్మా."

"మొదలెట్టడమేటి, ఆపితే కదా. మొన్న సెప్పినాను, నిన్న సెప్పినాను, ఇప్పుడు టోటోలో సెప్పినాను. రిపేరు సేయించుదాం."

"రిపేరంటే ఏటో నీకు తెలుసా?"

"నాకు తెలీదా? కంచంలో అన్నమెడితే పిస్టను గురించి సెప్పినావు, పులుసేస్తే బేరింగు గురించి సెప్పినావు. మా అమ్మ నన్ను మనిషికిచ్చినాదా, వర్క్‌షాపుకిచ్చినాదా అనుకునీదాన్ని."

"హహ... పిన్నీ!"

"నువ్వు నవ్వకురా."

"నవ్వనీ. అబద్దమా? ఇంట్లో ఒక్క వస్తువు పారీనిచ్చినాడేట్రా మీ బాబాయి? గొడుగు ఊస ఇరిగితే సైకిలు ఊస ఎట్టినాడు. ఆ గొడుగేసుకుని న్యూ సెటిల్‌మెంటు గుడికెల్తే ఆడోల్లందరూ ఒకటే నవ్వు. నా సెప్పు తెగితే రివిట్లు కొట్టినాడు."

"ఆ సెప్పు మళ్ళీ తెగిందా? సెప్పు, తెగిందా?"

"తెగనేదు. కాలు తెగిపోనాది."

"సూడు టోనీ, ఇదీ వరస. మేలు సేస్తే ఇదీ..."

"మరి ఇప్పుడేటి వొచ్చినాది మావా? గేటు మీటింగులో మైకు పట్టుకుని నువ్వే కదా అరిసినావు? 'కండెమ్ అన్న మాట దొరలు పుట్టించినారు. పనికిరాని బోగీని కండెమ్ అంటారు, అక్కర్నేని మనిషిని సర్‌ప్లస్ అంటారు, రెండూ ఒకటే సంతకం' అన్నావా, నేదా? ఆ మాటకి సార్జిషీటు కూడా తిన్నావు. ఇప్పుడు మన బండిని నువ్వే కండెమ్ సేస్తన్నావు."

"అవును. సేస్తన్నాను. నానే సేస్తన్నాను. అయితే ఏటి?"

"ఎందుకని అడుగుతున్నాను."

"ఎందుకనా? కోలాఘాట్ మరిసిపోనావా?"

"ఒగ్గీ మావా."

"ఏటి ఒగ్గీ? ఒల్లంతా మందెక్కించుకుని వొస్తన్న మనిషివి. రోడ్డు పక్కన తువ్వాలు పరిసి పడుకోబెట్టినాను నిన్ను. లారీలు మొహం మీంచి పోతన్నట్టు పోతన్నాయి. వాంతులు సేసుకుంటన్నావు, నీల్లు నీల్లు అంటన్నావు. నాను బోనెట్టు ఎత్తి అలాగ నిలబడిపోనాను. ఇంజన్ల మజ్జినే ముసలోన్నైపోనాను టోనీ. ఆ ఒక్క ఇంజను నా మాట ఇననేదు. పానా జారిపోనాది సేతిలోంచి. జారిపోతే వొంగి తీసుకోడానికి కూడా... ఒగ్గీ. నిజమే. ఒగ్గీ."

"నీ తప్పేటి నేదు మావా."

"తప్పెవడిదని ఎవడడిగినాడు? ఎల్లుండి మళ్ళీ అదే రోడ్డు. నిన్ను ఆ దుమ్ములో మళ్ళీ పడుకోబెట్టను. అంతే నాను సెప్పీది. ఆడిచ్చే బండి సూసినాను. సల్లగా ఉంటాది. ముందు సీటు వెనక్కి వాలిపోతాది. నువ్వు పడుకునే కలకత్తా ఎల్లొచ్చు."

"పడుకుని ఎల్లీ బండి ఇంకోటుంది. పూలదండేసుకుని అది ఎలాగూ వొస్తాది. దానికి నువ్వు బేరమాడక్కర్నేదు."

"నోరు ముయ్యి!"

"ముయ్యను."

"టోనీ ముందు ఏటి మాటలవి?"

"టోనీ పరాయోడా? మీ అమ్మ ఎలీసమ్మని పురిటికి ఈ బండిలోనే తీసుకెల్లినాడ్రా మీ బాబాయి. మీ సెల్లి ఏంజలిను ఈ బండిలోనే పుట్టీసేది. ఎనకనించి మీ అమ్మ ఏసూ ఏసూ అని కేకలు, ముందునించి ఈయన అప్పన్నా అప్పన్నా అని కేకలు."

"అమ్మ ఇప్పటికీ సెప్తాది పిన్నీ."

"మాట మార్చకండి ఇద్దరూ. టోనీ, బండి..."

"బాబాయ్, ఒక మాట. ఎల్లుండికి అద్దెబండి సెప్పుకుంటే కాదా? ఇది నిదానంగా..."

"ఒకసారి సెప్పినాను కదరా అద్దెబండి. మీ పిన్ని వాంతి సేసుకుంటాదేమోనని ఆ డ్రైవరు బయల్దేరీటప్పుడే ముక్కుకి గుడ్డ కట్టుకున్నాడు. అది సూసి ఈ మనిషి, ఖరగ్‌పూర్ వొచ్చీదాకా నోటికి కొంగడ్డమెట్టుకుని, వొచ్చింది వొచ్చినట్టు మింగీసినాది. ఇంటికొచ్చినాక సెప్పినాది నాకు. రైలెక్కుదామంటే ఆ వంతెన మెట్లు ఎక్కనేదు. మరింకేటి సెయ్యాల? మన బండుండాల. మంచి బండుండాల. తియ్యి టార్పాలిను."

"రేపు పూజ కదా బాబాయ్. పానాలన్నీ కడిగి విశ్వకర్మ ముందెట్టీసినారు. నాను సర్చికెల్లీవోన్నే గానీ నా మిస్త్రీలు ఒప్పుకోరు. పూజయ్యీదాకా ఇనుము ముట్టరు."

"టార్పాలిను ఇనుమా?"

"కాదనుకో..."

"ఏట్రా, ఎప్పుడూ నేంది నత్తి నత్తిగా మాట్లాడుతున్నావు? జరుగు. నానే తీస్తాను."

"బాబాయ్, ఆగు. ఆగు బాబాయ్. పిన్నీ, నువ్వైనా సెప్పు..."

"ఏట్రా ఇది?"

"టార్పాలిను లాగీసినావా బాబాయ్..."

"ఏట్రా ఇది? ఇంజనేది? బోనెట్టు కింద ఖాళీ! హెడ్డు ఇక్కడ, పిస్టన్లు గోనెపట్టా మీద... మొత్తం విప్పీసినావా? ఎవడు విప్పమన్నాడు నిన్ను? రాత్రి ఫోన్లో నాను ఏటి సెప్పినాను? స్టార్టు సెయ్యి సాలు, ఇంజను విప్పకు అన్నానా, నేదా?"

"అన్నావు బాబాయ్."

"విప్పిన బండిని ఆడు తీసుకుంటాడా?"

"తీసుకోడు."

"తెలిసే విప్పినావా? నీకు పని నేర్పిందానికి ఇదేట్రా నువ్వు నాకు సేసీది? గురువారం ఎలాగెల్తాను? మీ పిన్నిని నీ నెత్తి మీద ఎక్కించుకుని తీసుకెల్తావా?"

"అరవకు మావా. విప్పమన్నది నాను."

"నువ్వా?"

"పొద్దున్న నువ్వు నా కాగితాల మీద ముద్రేయించడానికి రైల్వే ఆస్పత్రికెల్లినావు కదా. అప్పుడొచ్చినాను."

"గుమ్మందాకా నడవనేవు. నానొచ్చి పట్టుకుంటే గానీ నుయ్యికాడికెల్లనేవు. ఒక్కదానివీ టోటో ఎక్కి ఇందా వొచ్చినావా?"

"వొచ్చినాను. దారిలో ఆపించుకుంటా, ఆపించుకుంటా వొచ్చినాను. టోటో పిల్లడు మంచోడు. దీదీ, దీదీ అని సెయ్యట్టుకుని దింపినాడు."

"నాను ఒద్దన్నాను బాబాయ్. బాబాయ్ సంపీస్తాడు అన్నాను. పిన్ని ఈ కుర్సీలోనే కూకుని, విప్పీదాకా కదలను అన్నాది."

"సరే. సరే. బండి మీద మమకారం. అర్దమైంది. ఏడుద్దామంటే ఏడుపు రాదు, నవ్వుదామంటే నవ్వు రాదు. సరే. ఎల్లుండికి అద్దెబండే సెప్తాను. ఈసారి డ్రైవరు గుడ్డ కట్టుకుంటే ఆడి ముక్కు కోసీస్తాను."

"ఎల్లుండి ఒద్దు మావా."

"ఏటి?"

"ఎల్లుండి ఎల్లొద్దు. ఆ తరవాత కూడా ఒద్దు. కలకత్తా ఇంక రాను నాను."

"ఏటి మాట్లాడుతున్నావు నువ్వు?"

"నాను బయట ఉంటాను బాబాయ్..."

"ఉండరా ఇక్కడే! ఏటి మాట్లాడుతున్నావు నర్సమ్మా?"

"పోయినసారి నువ్వు మందుల దుకాణం కాడ నిలబడినావు కదా. అప్పుడు ఆ డాక్టరు పిల్ల వొచ్చి నా మంచం మీద కూకున్నాది. సిన్నపిల్ల. నా సెయ్యట్టుకుని బంగ్లా బాసలోనే సెప్పినాది. మాషీమా, ఈ మందు పని సెయ్యట్లేదు, ఎక్కించినా ఎక్కించకపోయినా అక్కడికే, ఎక్కిస్తే మీకు బాద ఎక్కువ, అంతే. మీకేటి కావాలో మీరే సెప్పండి అన్నాది. మీకేటి కావాలి అని ఇన్నాల్లలో నన్నెవరూ అడగనేదు మావా. నువ్వూ అడగనేదు."

"ఆ పిల్లకేటి తెలుసు? నిన్నగాక మొన్న సదువుకుని వొచ్చినాది. పెద్ద డాక్టరున్నాడు. ఆయన్ని అడుగుతాను. ఆయన కాదంటే కటక్ ఎల్దాం. వెల్లూరు ఎల్దాం."

"పెద్ద డాక్టరు సెప్పమంటేనే సెప్పినాదంట."

"ఆ పిల్లకి ఏటన్నావు నువ్వు? ఏటి కావాలన్నావు?"

"ఇంటికెల్తాను అన్నాను."

"నాకు సెప్పనేదు."

"సెప్తే ఇనీవోడివా? బండెక్కించీవోడివి."

"ఎక్కిస్తాను. ఇప్పుడూ ఎక్కిస్తాను. టోనీ, పానాలు తే."

"దేవుడి ముందు ఎట్టీసినారు బాబాయ్..."

"తేరా! దేవుడికి సెప్పుకుంటాను నాను. ఈ రాత్రి బిగిస్తాను, రేపు బిగిస్తాను. బిగించి ఈ బండి మీదే తీసుకెల్తాను. జరుగు. ఇదేటి? ఈ రాడ్డు ఏ సిలిండరుది? ఇదేది? గుర్తులేవి? ఒరేయ్, విప్పీటప్పుడు గుర్తులెట్టనేదా? ఏ పిస్టను ఏ గూట్లోదో తెలీకండా ఎలాగ బిగిస్తార్రా? ఇదేట్రా నీకు నాను నేర్పింది?"

"నేర్పినావు బాబాయ్. సుద్దతో అన్నిటికీ గుర్తులెట్టినాను. పిన్ని తుడిపించీసినాది."

"తుడిపించీసినాదా?"

"కొంగుతో తనే తుడిసినాది కొన్ని. అన్నీ కలిపీసి పోగెట్టమన్నాది. బోల్టులు, నట్లు, వాసర్లు, అన్నీ. మీ బాబాయి ఒక్కొక్కటీ కొలిసి పోల్సుకుంటాడు అన్నాది. నాను ఒక్క నట్టు కూడా బిగించకూడదని ఒట్టేయించుకున్నాది. పూజైనాక అన్నీ గోనెల్లో కట్టి, మీ వసారాలో దింపీసి రమ్మన్నాది. బండిని కూడా లాక్కొచ్చి మీ వాకిట్లోనే ఎట్టమన్నాది."

"ఇలాగైతే నెల్లు పడతాది. ఒక్కడే కూకుని... నెల్లు పడతాది."

"పడనీ మావా."

"అప్పటికి ఏ ఆస్పత్రికి? ఏ రోడ్డుకి? ఎవర్ని ఎక్కించుకోడానికి?"

"ఎవర్నీ కాదు."

"నర్సమ్మా, ఇటు సూడు. ఆస్పత్రికి రానంటే రాననొచ్చు. తిట్టొచ్చు నన్ను. తలుపేసుకుని కూకోవొచ్చు. నిన్ను ఎత్తుకుని పట్టుకుపోతానేటి? దానికి ఈ బండి ఏటి సేసినాది? దీన్ని ఇలాగ ముక్కలు ముక్కలు సేయించడం ఎందుకు?"

"మనకా పిల్లల్లేరు. నీకు పేకాట రాదు. అరుగుల మీద కబుర్లు రావు. నాను పోయిన మర్నాడు పొద్దున్న, ఏ పనుందని మంచం దిగుతావు మావా?"