సుందరరాజు మిద్దె మింద డిష్షు

ఏం పాపా, వచ్చినకాడి నుంచి ఆ కోళ్ళ గంప కల్లే సూస్తా ఉండావు? ఆ... దాని మింద మూసింది మూకుడు గాదులే, డిష్షు. మీ తాతదే. సుందరరాజుదే. మీ అవ్వ పోయినాక సామాన్లన్నీ పాత ఇనుములోడికి ఏస్తా ఉంటే, ఇది మాత్రం నాకియ్యండని అడిగి తెచ్చుకున్నా. యాల తెచ్చుకున్నానో నాకే తెలీదు. దాన్ని సూస్తే ఇప్పటికీ నా ఒళ్ళు మండతాది. రెండేండ్లు, పాపా, రెండేండ్లు నాకు ఆదివారమనేదే లేకుండా చేసినాడు మీ తాత. కూసో, ఆ బెంచీ మింద కూసో. మీ కాలేజీలో మరమగ్గాల మింద ఏందో రాసుకోని రమ్మన్నారంటివే, అది కూడా దీంట్లోనే వస్తాదిలే. టీ తాగతావా, కాఫీనా? మీ అమ్మ ధరణి అయితే కాఫీ ముట్టదు. సరే ఉండు, పాలు కాగనీ, చెప్తా.

నువ్వు ఎప్పుడన్నా మగ్గాలాడతా ఉంటే షెడ్డులో నిలబడినావా? లేదు గదా. ఒగ మరమగ్గం ఆడితేనే పక్కింటోళ్ళు కిటికీ మూసుకుంటారు. మీ తాత షెడ్డులో పన్నెండు. పొద్దన్నే ఆరుకి ఏస్తే కరెంటు పోయేదాకా టకటకటకటక, టకటకటకటక. ఆ శబ్దంలో ఎవురన్నా మాట్లాడితే యినపడతాదా? అందుకే నగరిలో షెడ్డోళ్ళకు గొంతుతో పనిలే, పెదాలతోనే పని. పోగు తెగిందన్నా, సద్ది వచ్చిందన్నా, యజమాని వస్తా ఉండాడన్నా, ఊరికే పెదాలు కదిలిస్తాం, ఎదుటోడు సూసి తెలుసుకుంటాడు. నేను ఆ మూల నిలబడుకోని యజమానిని ఒగ మాట అంటే, మీ తాత ఈ మూల నుంచి పకపకా నవ్వేవాడు. యజమాని మా ఇద్దురి మధ్యలో నిలబడుకోని ఉన్నా సరే! నేను పదేండ్లు చేసి, ఇంగ నా వల్ల గాదని షెడ్డుకు ఎదురుగా ఈ అంగడి పెట్టుకున్నా. దాంతో నా చెవులు మిగిలినాయి. మీ తాత నలభై ఏండ్లు ఆడనే ఉండిపోయినాడు. తర్వాత ఆ షెడ్డు ఆయప్పే కొనుక్కున్నాడు, అయినా మగ్గం కాడ నుంచి కదిలితేనా? మీ అమ్మ చిన్నప్పుడు ఇస్కూలు వదిలితే నేరుగా షెడ్డులోకి పోయేది. మీ తాత ఎదురుగా నిలబడుకోని, ఆపొద్దు జరిగిందంతా చెప్పేది. నోరు బాగా తెరిచి, ఒగొగ అక్షరం విడగొట్టి, పెదాలు బిగించాల్సిన కాడ బిగించి. అట్ట చెప్పీ చెప్పీ ఆ యమ్మకు ఆ మాట వచ్చింది. హైదరాబాదులో రేడియోవాళ్ళు, ఇంత సుద్దంగా మాట్లాడేది ఎవురు నేర్పినారమ్మా అని అడిగితే, మా నాయన అని చెప్పిందంట. వాళ్ళకేం తెలుసు, ఏ పండితుడో అనుకోనుంటారు.

ఆ... రెండువేల ఐదులో గదా మీ అమ్మకు రేడియోలో పని దొరికింది. ఆదివారం పది గంటలకు అర్ధగంట సేపు, ఊర్ల నుంచి జనం రాసిన ఉత్తరాలు చదవాల. ఇంగ మీ తాతను పట్టడానికి కాలేదు. బస్టాండులో కండక్టర్లకు కూడా చెప్పినాడు. కానీ హైదరాబాదు రేడియో నగరిలో యాడ వస్తాది? ఈడ ముల్లు తిప్పితే అన్నీ మద్రాసు అరవపాటలే. పైగా అప్పటికే మీ తాత చెవులు... ఏం చెప్పేది పాపా. ఒప్పుకుంటేనా! టీవీ పెడితే, మాట ముద్దముద్దగా వస్తాది, కేబులోడు సరిగా ఇయ్యలే అంటాడు. ఫోనెత్తితే లైను బాగలేదంటాడు. ఈ కాలం పిల్లకాయలు నోట్లోనే మింగతారు మాటల్ని అంటాడు. లోకమంతా చెడిపోయిందంట, ఆయప్ప చెవులు మాత్రం బాగుండాయంట! మేస్త్రీ పెంచలయ్య ఒగసారి, అన్నా, డాక్టరుకు సూపించుకోరాదా అన్నందుకు రెండు నెలలు వాని మొగం సూడలే.

అప్పుడు దొరికినాడు పుత్తూరులో ఒగ డిష్షుల అంగడోడు. పేరు వద్దులే. "అన్నా, ఇది శాటిలైటు. నెలనెలా కట్టే పనిలే. టీవీ ఛానళ్ళు ముప్పై వస్తాయి, దాంట్లోనే రేడియోలు కూడా వస్తాయి. హైదరాబాదుది వస్తాది. అంతా డిజిటల్ సౌండన్నా! ఆకాశం నుంచి నేరుగా మీ ఇంట్లోకి దిగతాది. కరకర అనేదే ఉండదు, ఒగొగ మాట ఇడిగా యినపడతాది" అని చెప్పినాడు. ఊరికే వస్తాదన్న మాట మీ తాతకు ఎక్కలే. ముప్పై ఛానళ్ళూ ఎక్కలే. కరకర ఉండదు, ఒగొగ మాట ఇడిగా యినపడతాది, ఇదొగటే ఎక్కింది. యాలంటే ఆయప్ప లెక్కలో తప్పంతా పెట్టెలదీ తీగెలదీ గదా! మంచి పెట్టె తెస్తే అంతా సరిపోతాదని. తెచ్చినాడు. పుత్తూరోడు వచ్చి, మిద్దె మింద ఆగ్నేయమూలకు తిప్పి బిగించి, టీవీలో గీతలు సూపించి, సిగ్నలు ఎనభై ఉండాదన్నా, బ్రమ్మాండం అని చెప్పి ఎలబారిపోయినాడు. వాడు పోయినాడు, నేను దొరికినా.

ఆదివారం తొమ్మిదిన్నర అయితే సాలు, "రేయ్ మునస్వామీ, మిద్దెక్కు" అని కేక. అంగడిలో గిరాకీ ఉంటాది, పాలు పొయ్యి మింద ఉంటాయి, ఎవురికి కావాల? ఎక్కాల. ఎండలో మిద్దె కాలతా ఉంటాది, అరికాళ్ళు బొబ్బలు. నేను డిష్షు పట్టుకోని నిలబడుకుంటే, కింద వాకిట్లోకి టీవీ తెచ్చి పెట్టుకోని, దాని పక్కన నిలబడుకోని ఆయప్ప, కొంచెం ఎడమకు... ఊహూ, కుడికి... ఇంగొంచెం మొగం ఎత్తు... అని. టీవీలో రేడియో పెడితే బొమ్మ రాదు పాపా, నీలంగా తెరొకటి, దాని మింద రేడియో పేరు, అంతే. గీతలు సూస్తే నిండుగా ఉండాయి. సౌండు సూస్తే మీ అవ్వ సిద్ధమ్మ ఫుల్లుగా పెట్టింది. మీ అమ్మ గొంతు గంట మాదిరి ఈది ఈదంతా మోగతా ఉంది! కొళాయి కాడ ఆడోళ్ళు బిందెలు దించి, మదనపల్లె నుంచి ఎవురో రాసిన ఉత్తరం యింటా ఉండారు. బస్టాండు పక్క నుంచి పోయేటోళ్ళు కూడా నిలబడి యింటా ఉండారు. టీవీకి మూరెడు దూరంలో ఉండే మీ తాత ఒగడే, "ఇంగా రాలేదప్పా, సరిగా తిప్పు" అంటా ఉండాడు. ఒగసారి ఆయప్ప పోరు పడలేక గట్టిగా తిప్పితే ఉండేది కూడా పోయింది. మళ్ళా పుత్తూరోడు, మళ్ళా బిగించేది. నాకు ఏడుపు, మీ అవ్వకు ఏడుపు. ఒగరన్నా చెప్పినామా? చెప్పలే. ఎట్ట చెప్పేది? టీవీలో అయితే మొగం కనపడతాది, పెదాలు సూసి అయినా తెలుసుకుంటాడు. రేడియోలో మొగం యాడుంది? పుట్టినకాడి నుంచి బిడ్డ మాట కండ్లతో యిన్నోడు, ఇప్పుడు ఆ బిడ్డ మాట లోకానికంతా యినపడి ఆయప్పకొక్కడికే లేదంటే... ఆ మాట ఎవురు చెప్తారు?

నేనే చెప్పినా. చెప్పాలని గాదు. ఆపొద్దు ఎండ మండిపోతా ఉంది. నలభై నిమిషాలు తిప్పినా. మీ అవ్వ నాకు మజ్జిగ తీసుకోని మెట్లెక్కి వచ్చింది. నాకు ఇంగ ఓపిక అయిపోయింది. చెంబు అందుకోని, సన్నగా, ఆ యమ్మకు మాత్రమే యినపడేట్టు అన్నా. "చెడిపోయింది డిష్షు గాదు సిద్ధమ్మా, మీ ఆయప్ప చెవులు. దీన్ని నేను ఆకాశంలో ఏ మూలకు తిప్పినా వానికి ధరణి మాట యినపడదు, ఈ జన్మకు యినపడదు" అని. సన్నగానే అన్నా పాపా. గుసగుసగా. తర్వాత తల తిప్పి సూస్తే, మీ తాత వాకిట్లో నుంచి నా మొగమే సూస్తా ఉండాడు. పదేండ్లు పెదాలతో మాట్లాడినోణ్ణి, నాకు బుద్ధి ఉండొద్దా? ఆ మిద్దె ఎంత ఎత్తు, పదైదు అడుగులు. షెడ్డులో దానికి రెండింతలు దూరం నుంచి చదివేవాడు గదా నన్ను! చెంబు పట్టుకోని అట్నే నిలబడిపోయినా. ఆయప్ప అరవలే, తిట్టలే. టీవీ కల్లా తిరిగినాడు, తల ఊపినాడు. "వచ్చిందప్పా. బాగా వచ్చింది. దిగు" అన్నాడు.

ఆ పైన నన్ను మిద్దెక్కమని అడగలే. నాకే మనసు నిలవలే, ఆదివారం నేనే పొయ్యేవాణ్ణి. నీలం తెర ముందర కుర్చీ ఏసుకోని, మోకాళ్ళ మింద చేతులు పెట్టుకోని తల ఊపతా ఉంటాడు. మీ అవ్వ నవ్వితే నవ్వుతాడు, ఒగ రవ్వ ఆలిసెంగా. అయిపోతానే నేరుగా ఈడికి వచ్చి, ఇదో, ఈ గల్లాపెట్టె కాడే ఉండేది ఫోను, మీ అమ్మకు చేసేవాడు. "బాగా చదివినావమ్మా" అనేవాడు, వెంటనే ఫోను నా చేతికిచ్చి, "ఈ లైను బాగలేదు, నువ్వు మాట్లాడు" అనేవాడు. ప్రతి ఆదివారం ఇదే కత. నాకు తెలుసని వానికి తెలుసు, వానికి తెలుసని నాకు తెలుసు. ఏమన్నా అంటే గదా!

తర్వాత... రెండువేల ఏడు అనుకుంటా. ఒగ ఆదివారం ఉత్తరాలు ఎవురో వేరే అమ్మాయి చదివింది. గొంతు వేరే, చదివే తీరు వేరే. మీ అవ్వ నన్ను సూసింది, నేను మీ అవ్వను సూసినా. ఆ పొద్దు మాత్రం నోరు మూసుకోని కూసున్నా. మీ తాత తల ఊపతానే ఉండాడు. మరుసటి వారం కూడా ఆ అమ్మాయే. మూడో వారం కూడా ఆ అమ్మాయే. మూడు వారాలూ వచ్చి ఫోను చేసినాడు. మొదటి రెండు వారాలు మీ అమ్మ ఎత్తలే. మూడోసారి ఎత్తింది. "ఈపొద్దు ఇంగా బాగా చదివినావమ్మా" అని చెప్పి నా చేతికిచ్చినాడు.  అవతల నుంచి మీ అమ్మ అనింది, "మామా, నన్ను దాంట్లో నుంచి తీసేసి మూడు వారాలయింది. నాయన అడుగుతాడే, ఏం చెప్పేది అని భయపడి ఫోను ఎత్తలే. ఆ గొంతు నాది కాదని నాయనకు తెలీలేదా?"  ఎదురుగా ఆయప్ప నా పెదాలే సూస్తా ఉండాడు. "చెవులా మామా?" అనింది. నోరు మూసుకోనే ఊఁ అన్నా. అట్టంటే పెదవి కదలదు గదా. "ఎప్పటి నుంచి?" అనింది.  ఏడిసిందో ఏమో. తర్వాత గొంతు సరిచేసుకోని, "నాయనకు చెప్పు మామా, వచ్చే వారం ఇంగా బాగా చదవతానని" అనింది.

చెప్పినా. మొగం మింద మొగం పెట్టి చెప్పినా. మీ తాత నవ్వినాడు. "సూసినావా మునస్వామీ, డిజిటలంటే డిజిటలే" అన్నాడు.

...

ఏం పాపా, పుత్తూరు బస్సు ఎన్నింటికన్నావు? టీ సల్లారిపోయింది, ఉండు, ఇంగో గ్లాసు పోస్తా.